పిండి సంచి మీద మసి

"ఫుసియోన్," అంది మందుల షాపు కాతా, గుమ్మంలో నిలబడి రొప్పుతూ. "పాసైపోయిందట. సంతకం పెట్టింది మీ ఆయనేనట."

ఒతీలియా చేతిలో ఉన్న తడి చొక్కా తీగ మీదికి పోలేదు, తొట్టిలోకీ రాలేదు. గాల్లోనే ఆగిపోయింది.

"ఏంటి పాసైంది?"

"విలీనం తల్లీ. మన కల్దేరాస్‌నీ ఆ మొలీనోనీ కలిపేసి ఇకమీదట ఒకటే క్లబ్బు. క్లబ్బు కాపలావాడు ఫోన్ చేశాడు. 'ఫుసియోన్ పాసైంది, మొలీనోలోనే, దోన్ ఫెర్మీన్ కాగితాలు రాస్తున్నాడు, భోజనానికి ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పు' అన్నాడు. ట్రాం గోలలో కూడా ఒక్క ముక్క వదలకుండా విన్నాను."

"వాడు సరిగ్గానే చెప్పాడా?"

"వాడు చెప్పడంలో తప్పుంటే ఉండొచ్చు. నేను వినడంలో ఉండదు."

వీధి మొత్తానికి ఫోను ఒక్కటే. అది కాతా షాపులో ఉంది. పుట్టుకైనా చావైనా ఆ వీధికి ఆమె చెవి మీదుగానే రావాలి. యాభై ఏళ్ళ క్లబ్బు చావు కూడా ఆ దారినే వచ్చింది.

రొసారియోలో ఆ పేట రెండు పొగల మధ్య ఉంటుంది. పడమట రైల్వే బాయిలర్ల కార్ఖానా, నల్ల పొగ. తూర్పున పిండిమర, తెల్ల పొగ. నల్లవైపు క్లబ్బు స్పోర్తీవో కల్దేరాస్, అందరి నోటా 'మసిగాళ్ళు'. తెల్లవైపు క్లబ్బు మొలీనో, 'పిండిగాళ్ళు'. మసిగాళ్ళు తమ పేటలో రొట్టె కొనరు. పిండిగాళ్ళ రొట్టె తినడం ఇష్టంలేక నాలుగు వీధులు నడిచి పక్కపేటలో కొనుక్కుంటారు. ఆ రొట్టె పిండి కూడా ఆ మరలోంచే వస్తుందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"మసీ పిండీ కలిపితే ఏమొస్తుంది?" అంది కాతా. "మాడిన రొట్టె."

"ఫెర్మీన్ అలాంటి పని చెయ్యడు," అంది ఒతీలియా.

అన్న తర్వాత ఆ మాటని తనే ఇంకోసారి విని చూసుకుంది. రెండు వారాలుగా మొగుడు తన కళ్ళలోకి చూడటం లేదు. మాతే ఆకుల కషాయం చిప్ప చేత్తో పట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, పెరట్లో అలా కూర్చుండిపోతాడు. మాతే ఉంటుంది, మాటే ఉండదు. ఏమైందని అడిగితే "పుస్తకం పని" అంటాడు.

ఆ పుస్తకం క్లబ్బు చరిత్ర. ఇరవై రెండేళ్ళుగా క్లబ్బు మినిట్స్ రాస్తున్న ఫెర్మీన్, యాభై ఏళ్ళ పండగ కోసమని ఆ చరిత్ర రాశాడు. చరిత్ర రాసినవాడే చరిత్ర తుడిచేస్తాడా?

"నే వెళ్తాను," అంది కాతా. "మాంసం కొట్టు రెమీహియోకి ఇంకా తెలీదు."

ఇంకో పావుగంటలో రెమీహియోకి తెలిసింది. రెమీహియోకి తెలిస్తే ఇక గోడలకి చెప్పక్కర్లేదు.

నిల్దా లోపల్నుంచి జుట్టు ఉంగరాలు తిరగాలని తలకి రేకు చుట్లు చుట్టుకుని, సగం చుట్లు ఊడిపోతూ పరిగెత్తుకొచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, రైల్వే ఆఫీసులో టైపిస్టు. మాట్లాడినా టైపు కొట్టినట్టే ఉంటుంది, టకటకా.

"అమ్మా, నిజమేనా? నాన్న సంతకం పెట్టాడా? మొలీనోతోనా? ఇది విలీనం కాదమ్మా, విలనీ."

"నాకేం తెలుసే. పొద్దున నువ్వేగా నాన్నని క్లబ్బుదాకా దింపొచ్చావు."

"గేటు దాటి లోపలికి రానిస్తారా మనల్ని? మనకేమన్నా ఓటుందా?"

అదీ నిజమే. ఏడేళ్ళుగా ఆ దేశంలో ఆడవాళ్ళు దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటున్నారు. కల్దేరాస్ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మాత్రం ఇంకా పనికి రాలేదు. చందా కట్టొచ్చు, పండక్కి వండొచ్చు, జెండా కుట్టొచ్చు. చెయ్యెత్తే వేళకి ఆటలో అరటిపండు. ఒతీలియా ఇరవై ఆరేళ్ళుగా జట్టు చొక్కాలు పదకొండూ ఉతికి ఆరేస్తోంది. శనివారం ఆట, ఆదివారం ఉతుకు. తన క్లబ్బు అంటే తనకి ఆ తీగ.

తొట్టి అంచున చొక్కా పడేసి వంటింట్లోకి నడిచింది.

వంటింటి బల్ల దగ్గర ఒతీలియా తండ్రి బాల్దో రవియోలీలు కోస్తున్నాడు. డెబ్భై ఆరేళ్ళవాడు. ఆదివారం పూట పిండి రేకు మీద పళ్ళచక్రం దొర్లించి చదరాలు కొయ్యడం ఆయన పని. క్లబ్బు పెట్టిన పదకొండుగురిలో మిగిలింది ఆయన ఒక్కడే. సభ్యత్వం నంబరు మూడు. నంబరు ఒకటీ రెండూ స్మశానంలో ఉన్నారు.

"విన్నాను," అన్నాడు, తల ఎత్తకుండా. "ఏ సంవత్సరం ఇది?"

"యాభై ఎనిమిది తాతా."

"ఇరవై ఒకటిలో పిండిగాళ్ళ మైదానంలో నా పన్ను ఊడిపోయింది. ముప్పై నాలుగులో మనల్ని కింది తరగతికి తోసేసిన ఆట కూడా వాళ్ళతోనే. అయిదు సున్నా. ఆ సున్నా మనది. నలభై మూడులో మన పిల్లలు మైదానంలోకి అడుగు పెడుతుంటే మెట్ల మీంచి ఖాళీ సంచులు విసిరారు. 'సంచిగాళ్ళు, సంచిగాళ్ళు' అని పాట కట్టారు. వాళ్ళతోనా కలిసేది?" చక్రం గట్టిగా నొక్కాడు. పిండి రేకుతోపాటు బల్ల మీద కూడా గీత పడింది. "వాడు ఇంటికి రానీ."

"నాన్నని నేను అడుగుతాను," అంది నిల్దా. "మొహం మీదే అడుగుతాను. ద్రోహం చేసినవాళ్ళతో నేనొక బల్ల దగ్గర కూర్చోను."

"అడిగేది నేను," అంది ఒతీలియా.

ఆ ఇంట్లో వారానికి బంతులు రెండు. ఒకటి శనివారం మైదానంలో తన్నేది, ఒకటి ఆదివారం భోజనాలకి తీర్చేది. మొదటిదాంట్లో ఎన్నిసార్లు ఓడినా రెండోదాంట్లో ఏనాడూ లోటు రాలేదు. ఆ రోజు నాలుగు కంచాలు పెట్టి, ఒక కంచం వైపు ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. టమాటా పులుసు పొయ్యి మీద తుకతుకలాడుతోంది. పొయ్యి మీద లేనివాళ్ళూ అలాగే ఉన్నారు.

ఒంటిగంటకి ఫెర్మీన్ వీధి మలుపు తిరిగాడు.

గుమ్మం ముందు అప్పటికే ముప్పైమంది చేరారు. ఆ పేటలో మనిషిని పిలవాలంటే "చే" అంటారు. చే ఫెర్మీన్, చే రెమీహియో. ఆ మధ్యాహ్నం వాళ్ళ నోట అదే పిలుపు "ఛీ" లాగే వినపడింది. ఆ తర్వాత అదీ వినపడలేదు. ఒక్కొక్కరే వీపులు తిప్పేసుకున్నారు. ముప్పై వీపుల మధ్యనుంచి ఫెర్మీన్ తోలు సంచీ గుండెకి అదుముకుని నడిచి వచ్చాడు. కిటికీలోంచి ఒతీలియా చూసింది. ఆయన ఎవర్నీ ఏమైందని అడగలేదు. తప్పు లేని మనిషైతే అడిగేవాడు.

లోపలికొచ్చి టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు చేత్తోనే పట్టుకున్నాడు.

"పెట్టావా?" అంది ఒతీలియా.

"ఏంటి?"

"సంతకం."

ఫెర్మీన్ ఆమె వైపు చూడలేదు. నిల్దా వైపు చూశాడు. అంతవరకూ ఎగిరెగిరి పడిన నిల్దా కంచంలోకి చూసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితే ఏం? వీధి వీధంతా తెలిసిపోయింది. పెట్టావా, లేదా?"

"వీధంతానా?" గొంతు తగ్గిపోయింది. "పెట్టాను ఒతీ. కమిటీలో అయిదుగురం. అందరికన్నా ఆఖర్న పెట్టింది నేనే."

"ఆఖర్న పెడితే సంతకం చిన్నదైపోతుందా?"

"వద్దని చెప్పి చూశాను. రెండు వారాలు చెప్పాను."

"చెప్పి?"

"పెట్టాను."

ఇరవై ఆరేళ్ళుగా చొక్కాల్ని ఉతికిన చేతులవి. మనిషిని ఉతికి ఆరెయ్యడం ఆ చేతులకి కొత్త. ఒతీలియా ఆ చేతుల్ని గౌనుకి తుడుచుకుంది, తడి లేకపోయినా.

"నాతో ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"ఇవాళే. భోజనం అయ్యాక."

"రవియోలీ తిన్నాకైతే ద్రోహం తేలిగ్గా అరుగుతుందనా?"

"ద్రోహం అనకు. నాలుగు వాక్యాలు, అంతే. వాళ్ళ హాల్లో, వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగా, ఆ సంగతి పైకి ఎలా చదువుతాం చెప్పు. అధ్యక్షుడు అన్నదీ అదే. వాళ్ళు నవ్వుతారు, మళ్ళీ పాట ఎత్తుకుంటారు, పండగ పాడవుతుంది అన్నాడు. అందుకే సంచుల మాట తీసేశాం."

ఒతీలియా పులుసు కింద మంట తగ్గించింది.

విలీనంలో సంచులు ఎక్కడివి? ఒతీలియా మొగుడి మొహం వంక చూసింది. అది క్లబ్బుని అమ్ముకొచ్చినవాడి మొహంలా లేదు. ఇంటి కోడిని ఎత్తుకుపోయి కోసుకుతిన్న వాడి మొహంలా ఉంది.

"ఏ సంచులు, ఫెర్మీన్?"

ఫెర్మీన్ మొదటిసారి ఆమె వైపు చూశాడు. "నువ్వు దేని గురించి అడుగుతున్నావు?"

"విలీనం గురించి."

"ఏ విలీనం?"

బాల్దో చేతిలో చక్రం ఆగింది. నిల్దా కళ్ళు మూసుకుంది. వీధి మోపిన నేరం ఒకటి, ఈయన ఒప్పుకున్న నేరం ఇంకొకటి. ఎదుటివాళ్ళు బంతి తన్నకముందే ఫెర్మీన్ తన గోల్లోకి తనే కొట్టేసుకున్నాడు.

కంగారుగా తోలు సంచీ తెరిచి మినిట్స్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "విలీనం లేదు, గిలీనం లేదు. ఇదిగో, చదువుకో. యాభై ఏళ్ళ పండక్కి జూన్‌లో ఒక నాటకం వేయిస్తున్నాం. మనకి వేదిక లేదు కదా, మొలీనోవాళ్ళ హాలు అడిగాం. సరేనన్నారు. ఇవాళ పాసైంది అది. నాటకం ముందు పుస్తకం విడుదల. అంతే. ఇంతకి మించి ఒక్క ముక్క లేదు."

ఒతీలియా చదివింది. ఉన్నది అదే. వీధి మొత్తం ఎక్కడ జారిపడిందో కూడా ఆ కాగితం మీద కనిపించింది. ఇంకో రోజైతే నవ్వేది.

"ఇది తర్వాత చూద్దాం," అని కాగితం మడిచింది. "సంచుల సంగతి చెప్పు."

చెప్పడానికి ఏముంది? ఆ సంగతి ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది ఒతీలియాకే. క్లబ్బు మొదటి చొక్కాలు అమ్మ అసుంతా కుట్టింది. పంతొమ్మిది వందల ఎనిమిది. అసుంతాకి పంతొమ్మిదేళ్ళు, పిండిమరలో సంచులు కుట్టే పని. బాయిలర్ల కుర్రాళ్ళు పదకొండుమందికి బంతి ఉంది, కాళ్ళున్నాయి, చొక్కాలు లేవు. పావడా కింద దాచి రోజుకి రెండేసి సంచులు బయటికి తెచ్చింది. మెడకొక కన్నం, చేతులకి రెండు కన్నాలు. చావింట్లో బట్టలకి వేసే నల్లరంగు మేనత్త ఇంట్లో మిగిలుంటే, ఆ రంగులో వేసి ఉడకబెట్టింది. మొదటి ఆటకి వాన పడింది. రంగు కారి పదకొండుమందీ నిలువునా నల్లబడ్డారు. అప్పుడు పడ్డ పేరే మసిగాళ్ళు. బాయిలర్ల మసి వల్ల వచ్చిన పేరని ఊరంతా అనుకుంటుంది, కాదు. రంగు పోయాక ప్రతివాడి పొట్ట మీదా పిండిమర ముద్ర తేలింది, గోధుమ కంకి. ఆ కంకిని చూసే మర మేస్త్రీ దొంగని పట్టుకున్నాడు. అసుంతా పని ఊడింది. ఆ తర్వాత ఏ కార్ఖానాలోనూ ఆవిడకి పని ఇవ్వలేదు.

తొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ పోయేముందు, మంచం పక్కన కూర్చుని ఫెర్మీనే అన్నాడు. 'అత్తా, పుస్తకంలో మొదటి అధ్యాయం మీది.' రాశాడు కూడా. కిందటి చలికాలం ఆ అధ్యాయం చదివి వినిపిస్తే, రోజుకి మూడు సంచులు కాదు, రెండే అని ఒతీలియా దిద్దింది.

"ఆ అధ్యాయంలో ఇప్పుడేముంది?" అని అడిగింది.

"ఒతీ..."

"ఏముంది?"

"కార్ఖానా ఇంగ్లీషు మేనేజరు కుర్రాళ్ళ ఆట చూసి ముచ్చటపడి..." ఫెర్మీన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "లండన్ నుంచి ఓడలో చొక్కాలు తెప్పించి బహూకరించాడని."

"ఆ మేనేజరు పేరు?"

"అధ్యక్షుడు ఒక పేరు చెప్పాడు."

"బతికున్న మనిషేనా ఎప్పుడైనా?"

ఫెర్మీన్ తోలు సంచీ మూతి బిగించాడు. మసి పూసి మారేడుకాయ చెయ్యడం విన్నాం. ఇక్కడ మసినే కడిగేసి, దానిమీద లండన్ పూశారు.

"అచ్చయిందా?"

"గురువారమే అచ్చుకి వెళ్ళింది."

వీధి చేసింది హల్లు తప్పు. ఇంట్లో జరిగింది అచ్చు తప్పు. హల్లు తప్పుని నోటితో దిద్దొచ్చు.

"నీకు టైపు రాదు కదా," అంది ఒతీలియా. ఇది కూడా మొగుడితోనే అంది. కళ్ళు మాత్రం ఆయన మీంచి జరిగాయి. "కొత్త పేజీ ఎవరు కొట్టారు?"

నిల్దా తలలోంచి ఒక చుట్టు ఊడి కంచంలో పడింది. ఎవరూ తియ్యలేదు.

"నాన్న కొట్టమన్నాడు," అంది నిల్దా. టకటకా వచ్చే మాట, అక్షరం అక్షరంగా వచ్చింది. "నీకు నాన్నే చెబుతానన్నాడు. నాన్న చెప్పేవరకూ..."

"గంట క్రితం ఎవరితోనో బల్ల దగ్గర కూర్చోనన్నావు."

"అమ్మా."

"కూర్చునే ఉన్నావు. కూర్చో."

బాల్దో మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. కొయ్యడానికి పిండి మిగల్లేదు. ఉత్త బల్ల మీదే దొర్లిస్తున్నాడు. ఆ చప్పుడు ఒతీలియాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"నాన్నా, నీకు కూడా తెలుసా?"

"అడిగారు," అన్నాడు బాల్దో. "పెట్టినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే కదా. నన్నడక్కుండా ఎలా మారుస్తారు?"

"అడిగితే?"

"సరేనన్నాను."

"అమ్మ పేరు తీసేస్తుంటే సరేనన్నావా?"

"పేరు కాదు. సంచి." ముసలాయన చక్రం బల్ల మీద పెట్టేశాడు. "యాభై ఏళ్ళు ఆ సంచి మోశాను, ఒతీలియా. ఏ మైదానానికి వెళ్ళినా సంచిగాడు. బారులో కూర్చున్నా సంచిగాడు. పన్ను ఊడింది ఎందుకనుకున్నావు? ఆ మాటకే. చచ్చేలోపు ఒక్కసారి, పుస్తకంలోనైనా, మంచి చొక్కా తొడుక్కోవాలనిపించింది. ఇక దింపెయ్యనీ నన్ను."

"నువ్వు మోశావా? పావడా కింద పెట్టుకుని గేటు దాటింది ఎవరు? పని పోయి, జీవితమంతా ఇంటింటికీ బట్టలు ఉతికింది ఎవరు?"

"అసుంతా ఎప్పుడూ ఏమీ అనలేదు."

"ఎవరన్నా అడిగారా?"

ఆ ప్రశ్నకి ఆ బల్ల దగ్గర ఓటున్నవాళ్ళు ఇద్దరూ తల దించుకున్నారు. ఓటు లేనిది అప్పటికే దించుకుని ఉంది.

పిలిస్తే పలికే మొగుడు, కడుపున పుట్టిన కూతురు, కన్న తండ్రి. ముగ్గురూ రెండు వారాలుగా తనతో కలిసి తింటూ, తను వడ్డించిందే తింటూ, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ ఉన్నారన్నమాట. క్లబ్బు మొలీనోలో కలిసిపోయిందని పొద్దున్నుంచీ కుమిలిపోయింది తను. కలిసిపోయింది వీళ్ళు ముగ్గురు. తనని బయట పెట్టి.

వీధి తలుపు దబదబా మోగింది.

"దోన్ ఫెర్మీన్," రెమీహియో గొంతు. మాంసం నరికే గొంతే. "బయటికి రండి. మా కార్డులు వెనక్కిస్తున్నాం. తీసుకోండి, మీ మొలీనో కార్డుల్లో కలిపేసుకోండి."

ఏదో మెత్తటిది తలుపుకి తగిలి జారింది. ఇంకోటి. ఇంకోటి. సభ్యత్వం కార్డులు. కొన్ని వాటిలో తండ్రులవీ, తాతలవీ.

ఫెర్మీన్ లేచి తలుపు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఒతీ, నేను చెబితే నమ్మరు. పొద్దున్నుంచీ నన్ను దొంగని చేసేశారు. నువ్వు చెప్పు." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు చెబితే వింటారు. అసుంతా కూతురివి."

ఆ పేరు ఆయన నోట రావడం విని ఒతీలియా కదలకుండా నిలబడింది. పుస్తకానికి పనికిరాని పేరు గుమ్మానికి పనికొచ్చింది.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే రేపట్నుంచి నేను ఈ వీధిలో నడవలేను."

అది నిజం. తను తలుపు తియ్యకుండా పులుసు కలుపుతూ కూర్చుంటే చాలు. ఇరవై రెండేళ్ళ మినిట్స్, ముప్పై వీపులు. ఈయన చెయ్యని తప్పుకి ఈయన్ని వీధి శిక్షిస్తుంది, చేసిన తప్పుకి శిక్షించే శ్రమ తనకి తప్పుతుంది. ఒతీలియా బల్ల మీది కాగితం వంక చూసింది. ఆ పక్కన ఫెర్మీన్ కలం. లేనిది రాయడం వీళ్ళ పని. ఉన్నది దాచడమూ వీళ్ళ పనే.

కాగితం తీసుకుని వెళ్ళి తలుపు తెరిచింది.

కాళ్ళ దగ్గర కార్డులు. ముందు వరసలో చేతిలో ఇంకో కార్డు ఎత్తి పట్టుకుని రెమీహియో. పక్కన కాతా, పొద్దుటి వార్తకి సొంతదారులా నడుం మీద చెయ్యేసుకుని. వెనక వీధంతా.

"దోన్యా ఒతీలియా, మీ మీద మాకేం లేదు," అన్నాడు రెమీహియో. "ఆయన్ని రమ్మనండి."

"ముందు కాతా మాట్లాడాలి," అంది ఒతీలియా. "కాతా, ఫోన్లో ఏం విన్నావో మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

"ఫుసియోన్ పాసైంది అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అప్పుడే ట్రాం వెళ్ళిందన్నావు."

"వెళ్ళింది. వెళ్తే? దానికి ఓటుందా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒతీలియా కాగితం తెరిచి, రెమీహియో ముక్కు కిందకి పట్టింది. "మీరు చదవండి. మీ నోటితోనే చదవండి, అందరికీ వినపడేలా."

రెమీహియో కళ్ళు చిట్లించాడు. వేలు పెట్టి చదివాడు. "మొలీనో వారి హాలులో... యాభయ్యవ వార్షికోత్సవ సందర్భంగా... ఒక ఫు... ఫుం..." వేలు ఆగింది. "ఫుంసియోన్."

"ఇంకోసారి."

"ఫుంసియోన్." కార్డు ఎత్తిన చెయ్యి దిగిపోయింది. "అంటే... నాటకం ఆట."

"అదే. జూన్‌లో నాటకం వేయిస్తున్నారు. మనకి వేదిక లేదు, వాళ్ళకుంది, అడిగితే ఇచ్చారు. క్లబ్బు క్లబ్బుగానే ఉంది. ఫుసియోన్ అంటే విలీనం, ఫుంసియోన్ అంటే నాటకం. కాపలావాడు సరిగ్గానే చెప్పాడు. మధ్యలో ఒక్క సున్న ట్రాం ఎక్కి వెళ్ళిపోయింది."

వీధి ఒక్కసారిగా నవ్వింది. ఎవరో ఏడుస్తూ నవ్వారు. "అయిదు సున్నాతో ఓడినవాళ్ళం, ఒక్క సున్న పోతే తట్టుకోలేకపోయాం," అన్నారు వెనకనుంచి. "గోలు లేకుండా ఇంత గోల ఎప్పుడూ చెయ్యలేదు," అన్నారింకొకరు. కాతా నడుం మీది చెయ్యి తీసేసి, ట్రాం కంపెనీ మీద ఫిర్యాదు రాస్తానంది. జనం వంగి ఎవరి కార్డు వాళ్ళు వెతుక్కుంటున్నారు. తాత కార్డు ఒకరికి, మనవడి కార్డు ఇంకొకరికి చేరి, మళ్ళీ మార్చుకుంటున్నారు.

లోపల వంటింట్లోంచి ఏ చప్పుడూ రాలేదు. వాళ్ళు ముగ్గురూ ఈ నవ్వుని వింటూ ఉంటారని ఒతీలియాకి తెలుసు. ఇప్పుడు ఇక అంతా అయిపోయిందని అనుకుంటూ ఉంటారనీ తెలుసు.

రెమీహియో తన కార్డు దుమ్ము దులిపి జేబులో పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు.

"ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పండి దోన్యా ఒతీలియా. పొద్దున్నుంచీ నోటికొచ్చినట్టు అన్నాం. అయితే దోన్ ఫెర్మీన్ ద్రోహం చెయ్యలేదన్నమాట."

"లేదు రెమీహియో," అంది ఒతీలియా. "మీకెవరికీ చెయ్యలేదు."